ఫోను వేగం కాదు.. ఎన్నేళ్లు నిలుస్తుందో చూడాలి

స్మార్ట్‌ఫోన్ల నిర్వహణ వ్యవస్థల్లో దేని పనితీరు ఎంత? దేనిని ఎంతకాలం నమ్మవచ్చు?

బ్యాంకు ఖాతా అందులోనే.. గ్యాస్ బండ బుకింగు అందులోనే.. పంటల ధరలు, పిల్లల పరీక్షా ఫలితాలు, ఆధార్‌కు వచ్చే ఓటీపీ అన్నీ అందులోనే. ఒకప్పుడు ఫోను చెడిపోతే మాట మాత్రమే ఆగేది. నేడు ఫోను మొరాయిస్తే కుటుంబ వ్యవహారమే స్తంభిస్తోంది. ఉపాధి హామీ పనిచోట కూలీల హాజరును ఫోనులో ఛాయాచిత్రం తీసి నమోదు చేయడాన్ని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. మేట్ చేతిలోని ఫోను ఆగిపోతే కూలీల కష్టానికి లెక్క చిక్కని పరిస్థితి అప్పటి నుంచే పల్లెలకు అనుభవంలోకి వచ్చింది.

ఇంత ప్రాధాన్యం ఉన్న వస్తువును కొనే సమయంలో దుకాణంలో వినిపించే ప్రశ్నలు మాత్రం రెండే. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు? ర్యామ్ ఎంత? ఈ ఫోనుకు ఎన్నేళ్లపాటు అప్‌డేట్లు వస్తాయన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. గత రెండు దశాబ్దాల చరిత్రను పరిశీలిస్తే, ఫోను ఎంతకాలం పనికివస్తుందో నిర్ణయించేది ఆ ప్రశ్నేనని స్పష్టమవుతుంది.

నిర్వహణ వ్యవస్థ చేసే పని

ఫోనులోని ప్రాసెసరు, ర్యామ్, నిల్వ స్థలం, బ్యాటరీ, సిగ్నలు.. వీటిలో ఏ యాప్‌కు ఎంత కేటాయించాలో నిర్ణయించేదే ఆపరేటింగ్ సిస్టమ్. దీనినే నిర్వహణ వ్యవస్థ అంటారు. చెరువు కింద ఏ మడికి ఎంత నీరు వదలాలో నీరటి నిర్ణయించినట్లే ఇదీ. నీరు సమృద్ధిగా ఉన్నా పంపకం సరిగా లేకుంటే మడి ఎండుతుంది. నీరు తక్కువైనా పంపకం తెలిసినవాడు ఉంటే పంట దక్కుతుంది. అధిక ర్యామ్ ఉన్న ఫోను నత్తనడక నడవడానికి, తక్కువ ర్యామ్ ఉన్న ఫోను చురుగ్గా పనిచేయడానికి కారణం తరచుగా ఇదే.

నిత్య వినియోగంలో ఒక వ్యవస్థను అంచనా వేయడానికి నాలుగు అంశాలు చాలు. తాకిన వెంటనే స్పందిస్తోందా? తెర ఆపి జేబులో పెట్టినప్పుడూ సందేశాలు సకాలంలో వస్తున్నాయా? యాప్‌లు నడుమ కూలిపోతున్నాయా? లోపం బయటపడితే దానిని సరిచేసే అప్‌డేట్ మన ఫోను వరకు చేరుతోందా? మొదటి మూడూ కొన్న నెలలోనే తెలిసిపోతాయి. నాలుగోది తెలియడానికి సంవత్సరాలు పడుతుంది. నష్టం జరిగేది అక్కడే.

బాగా పనిచేసీ కనుమరుగైనవి

2003లో వచ్చిన నోకియా 6600 పట్టణాల్లో ఒక వెలుగు వెలిగింది. అందులో ఉన్నది సింబియన్. కొద్దిపాటి మెమరీతోనే అనేక పనులు ఒకేసారి చేయగలగడం, బ్యాటరీని పొదుపుగా వాడటం దాని ప్రత్యేకతలు. లోపాలూ లేకపోలేదు. ఫోన్లకు సోకిన తొలి పురుగుగా పేరొందిన ‘కాబిర్’ 2004లో బ్లూటూత్ ద్వారా పాకింది సింబియన్ ఫోన్లలోనే. తెలుగు అక్షరాలు వాటిలో డబ్బాలుగా కనిపించేవి. ఒపెరా మినీలో ఒక సెట్టింగు మారిస్తే అవతలి సర్వరే అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. నాటి తెలుగు పాఠకులు అనేకులు అంతర్జాలంలో తెలుగు చదివింది ఆ ఉపాయంతోనే.

2011 ఫిబ్రవరిలో నోకియా తన స్మార్ట్‌ఫోన్లకు మైక్రోసాఫ్ట్ వ్యవస్థను ఎంచుకుంటున్నట్లు ప్రకటించింది. 2012లో వచ్చిన 808 ప్యూర్‌వ్యూతో సింబియన్ ఫోన్ల ప్రస్థానం ముగిసింది. 2017 జూన్ 30తో వాట్సాప్ కూడా వాటికి సేవలు నిలిపివేసింది. ఫోన్లు చెడిపోలేదు. వాటితో చేయదగిన పనులే లేకుండా పోయాయి.

నోకియా ఆశ్రయించిన విండోస్ ఫోన్‌దీ అదే గతి. 2013 నాటి లూమియా 520లో ఉన్న ర్యామ్ 512 ఎంబీ మాత్రమే. అయినా తెర తడబడకుండా జారేది. ఆనాటి అదే ధర ఆండ్రాయిడ్ ఫోన్లకు అది సాధ్యమయ్యేది కాదు. అయితే 2012లో విండోస్ ఫోన్ 8 వచ్చినప్పుడు, అంతకుముందే 7వ సంచిక ఫోన్లు కొన్నవారికి దానికి మారే అవకాశం ఇవ్వలేదు. యాప్‌ల తయారీదారులూ అటు మొగ్గు చూపలేదు. వాట్సాప్ 2019 డిసెంబరు 31తో, మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరితో ముగిశాయి.

బ్లాక్‌బెర్రీ భద్రతకు పెట్టింది పేరు. సందేశాలన్నీ సంస్థ సొంత కేంద్రాల గుండా వెళ్లేవి. బలం అక్కడే, బలహీనతా అక్కడే. 2011 అక్టోబరులో ఆ కేంద్రాల్లో సాంకేతిక లోపం తలెత్తి భారత్ సహా అనేక దేశాల్లో కొన్ని రోజులపాటు సేవలకు అంతరాయం కలిగింది. 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీ వ్యవస్థలకు మద్దతు పూర్తిగా ఆగింది. ఆపై వాటిలో కాల్స్, సంక్షిప్త సందేశాలు సైతం సవ్యంగా పనిచేస్తాయన్న భరోసా లేదని సంస్థే తెలిపింది. శాంసంగ్ 2015 జనవరిలో రూ.5,700 ధరకు మన దేశంలో విడుదల చేసిన జడ్1 ఫోనులోని టైజెన్ వ్యవస్థ కూడా ఫోన్లలో నిలదొక్కుకోలేదు.

ఈ నాలుగింటి నుంచి నేర్వవలసిన పాఠం ఒక్కటే. వ్యవస్థ ఎంత చక్కగా పనిచేసినా వెనుక నిలిచే సంస్థ, యాప్‌ల తయారీదారులు ఉంటేనే దానికి మనుగడ.

ఆండ్రాయిడ్: అందరికీ అందుబాటు.. చివరి ఆయకట్టు కష్టాలు

లినక్స్ పునాదిపై నిర్మితమైన ఆండ్రాయిడ్‌ను గూగుల్ 2005లో కొనుగోలు చేసింది. తొలి ఫోను 2008లో వచ్చింది. ఏ సంస్థ అయినా వాడుకునే వీలుండటంతో వేల నమూనాలు పుట్టుకొచ్చాయి. మన దేశంలో నూటికి తొంభైకి పైగా స్మార్ట్‌ఫోన్లు ఇవే. 2012లో వచ్చిన 4.1 సంచికలో తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు మద్దతు చేర్చారు. ఆ తర్వాతే తెలుగు సందేశాలు పల్లెల ఫోన్లలో స్వేచ్ఛగా తిరిగాయి.

బలాలు అనేకం. ధరల్లో వైవిధ్యం, మండల కేంద్రంలోనే మరమ్మతు, దొరికే విడిభాగాలు. చాలా నమూనాల్లో మెమరీ కార్డు వేసుకునే సౌకర్యం.

ప్రధాన సమస్య అప్‌డేట్ల పంపిణీలో ఉంది. గూగుల్ విడుదల చేసిన సవరణ నేరుగా మన ఫోనుకు రాదు. ముందు చిప్ తయారీదారు, తర్వాత ఫోను తయారీదారు దానిని తమకు అనుగుణంగా మార్చుకోవాలి. ప్రధాన కాలువకు నీరు వదిలినా చివరి ఆయకట్టుకు చేరేసరికి వారాలు గడిచినట్లు, ఖరీదైన ఫోన్లకు ముందు, చౌక ఫోన్లకు చివర అప్‌డేట్ అందుతుంది. కొన్నింటికి అసలే అందదు. ఈ ఇబ్బందిని తగ్గించేందుకు గూగుల్ రెండు మార్పులు చేసింది. 2017 నాటి 8వ సంచికలో చిప్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా వ్యవస్థ నుంచి వేరు చేసింది. 2019 నాటి 10వ సంచిక నుంచి కొన్ని ముఖ్య భాగాలను ప్లే స్టోర్ మార్గంలో నేరుగా సరిచేసే ఏర్పాటు తెచ్చింది.

నేరుగా సరిచేసే పద్ధతికి రెండో కోణమూ ఉంది. 2021 మార్చి 22, 23 తేదీల్లో ‘వెబ్‌వ్యూ’ అనే భాగంలో లోపం కారణంగా ప్రపంచవ్యాప్తంగా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు వరుసగా కూలిపోయాయి. ఫోను పాడైందని భావించినవారు అనేకులు. గంటల వ్యవధిలోనే సవరణ సైతం అదే ప్లే స్టోర్ ద్వారా వచ్చింది. చెరుపు ఎంత వేగంగా వ్యాపించిందో చికిత్సా అంతే వేగంగా చేరిందన్నమాట.

చౌక ఫోన్ల కోసం 2017 డిసెంబరులో ‘ఆండ్రాయిడ్ గో’ వచ్చింది. 1 జీబీ, అంతకంటే తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లకు ఇది తేలికపాటి రూపం. 13వ సంచిక నాటికి దీనికే కనీసం 2 జీబీ ర్యామ్ అవసరమైంది. యాప్‌లు బరువెక్కుతున్న తీరుకు ఇదే నిదర్శనం.

ఐఓఎస్: సొంత బావి నీరు.. ధరే భారం

ఆపిల్ ఐఫోన్ 2007లో అమెరికాలో, 2008 ఆగస్టులో మన దేశంలో అడుగుపెట్టింది. ఫోను, చిప్, వ్యవస్థ మూడూ ఒకే సంస్థవి కావడం దీని ప్రత్యేకత. కాలువ కోసం ఎదురుచూపు లేని సొంత బావి వంటిది. అప్‌డేట్ విడుదలైన రోజునే అర్హత గల ఫోన్లన్నింటికీ అందుతుంది. 2013లో విడుదలైన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలోనూ ఒక భద్రతా సవరణ వచ్చింది. 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నమూనాలు 2025లో వచ్చిన ఐఓఎస్ 26కు అర్హత కోల్పోయాయి. అంటే కొత్త సంచికలు ఏడేళ్ల వరకు అందాయి.

అలాగని లోపాలకు అతీతమేమీ కాదు. మన భాషతో ముడిపడిన ఉదంతమే ఇందుకు ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఐఫోన్లను ప్రపంచవ్యాప్తంగా గడగడలాడించింది. సాధారణంగా రాసే అక్షరం కాదు. హల్లులకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని సంకేతం ఒకటి చేరిన రూపం అది. ఆ రూపం సందేశంలో రాగానే దానిని తెరపై చూపలేక యాప్ కూలిపోయేది. తెరిచిన ప్రతిసారీ మళ్లీ అదే అక్షరం, మళ్లీ అదే పతనం. తెలుగు తెలియని దేశాల్లోనూ ఆకతాయిలు ఆ అక్షరాన్ని పంపుకుంటూ వినోదించారు. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 సంచికతో సరిచేసింది. జ్ఞానం అనే మాటకు తొలి అక్షరమే లక్షల రూపాయల యంత్రాన్ని తికమకపెట్టిన వైనం అప్పట్లో చర్చనీయాంశమైంది.

అంతకుముందు 2014 సెప్టెంబరులో 8.0.1 సంచిక వేసుకున్న ఐఫోన్ 6 ఫోన్లలో సిగ్నలే పోయింది. దానిని వెంటనే ఉపసంహరించి మరుసటి రోజు మరో సంచిక ఇచ్చారు. 2017 డిసెంబరులో మరో నిజం వెలుగుచూసింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని వ్యవస్థే తగ్గిస్తోందని ఆపిల్ అంగీకరించింది. ఉన్నట్టుండి ఫోను ఆరిపోకుండా చేసిన ఏర్పాటని వివరణ ఇచ్చినా, ముందుగా చెప్పనందుకు క్షమాపణ కోరింది. అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. 2018లో బ్యాటరీ ఆరోగ్యాన్ని చూసుకునే సౌకర్యం కల్పించింది. పాత ఫోను మందగిస్తే లోపం ఎప్పుడూ వ్యవస్థదే కాదని, బ్యాటరీ మారిస్తే పూర్వపు వేగం రావచ్చని ఈ ఉదంతం తెలియజేసింది.

కైఓఎస్: మీటల ఫోనుకు మెదడు

2017 జులైలో ప్రకటించిన జియోఫోన్‌లో ఉన్నది కైఓఎస్. మొజిల్లా సంస్థ విరమించుకున్న ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచి రూపొందింది. రూ.1,500 తిరిగి చెల్లించే డిపాజిట్‌పై 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ నిల్వతో 4జీ సౌకర్యం ఇవ్వడం నాడు సంచలనం. బ్యాటరీ రోజులు నిలుస్తుంది, మీటలు వృద్ధులకు అనుకూలం. 2018 సెప్టెంబరులో వాట్సాప్ కూడా వచ్చింది.

అయితే 2024 జూన్‌లో కైఓఎస్‌లో వాట్సాప్‌ను కొత్తగా దించుకునే వీలును తొలగించారు. అప్పటికే వాడుతున్నవారికి 2025 తొలినాళ్ల వరకే గడువిచ్చారు. సింబియన్ కథే పునరావృతమైంది. మాట్లాడటానికి, ఓటీపీ అందుకోవడానికి ఈ తరహా ఫోను నేటికీ నమ్మకమైనదే. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించిన యూపీఐ 123పే ద్వారా మీటల ఫోను నుంచి డబ్బు చెల్లించడమూ సాధ్యమే.

నిత్య వ్యవహారంలో తేడాలు

స్పందన: కొత్తగా ఉన్నప్పుడు మధ్యస్థ ధర ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు నిత్య అవసరాల్లో పెద్ద తేడా కనిపించదు. తేడా రెండో సంవత్సరంలో తెలుస్తుంది. చౌక ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడే ఈఎంఎంసీ నిల్వ, ఖరీదైన వాటిలోని యూఎఫ్ఎస్ కంటే నెమ్మదైనది. శుభోదయం చిత్రాలు, పెళ్లి వీడియోలతో అది నిండేకొద్దీ ఫోను మందగిస్తుంది.

సందేశాలు: ఐఓఎస్ తెర వెనుక యాప్‌లను నిద్రపుచ్చి, సందేశం రాగానే తన మార్గంలో తెలియజేస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. అయితే కొన్ని సంస్థలు బ్యాటరీ ఆదా పేరిట యాప్‌లను పూర్తిగా మూసివేస్తాయి. ఫోను తెరిస్తే గాని సందేశం కనిపించని ఇబ్బంది అక్కడిదే. సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో ఆ యాప్‌కు ఆంక్ష తొలగిస్తే చాలావరకు తీరుతుంది.

భద్రత: పెళ్లి పత్రిక, ప్రభుత్వ పథకం, బ్యాంకు పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఆండ్రాయిడ్‌కు ప్రధాన ముప్పు. తెలియక వేసుకుంటే ఓటీపీలు సైతం పరుల చేతికి చేరతాయి. ఆ ఫైళ్లు ఐఫోన్‌లో తెరుచుకోవు. కానీ మాటలతో మోసగించి ఓటీపీ చెప్పించుకునేవారి నుంచి ఏ వ్యవస్థా కాపాడలేదు.

మరమ్మతు: ఆండ్రాయిడ్‌కు దగ్గరలోనే, తక్కువ ఖర్చులో జరుగుతుంది. ఐఫోన్‌కు నగరానికి వెళ్లక తప్పని ఊళ్లే ఎక్కువ. ఖర్చూ అధికం.

ఆయుర్దాయమే అసలు ధర

ఆండ్రాయిడ్ సంస్థల వైఖరిలో ఇటీవల మార్పు వచ్చింది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. అందుబాటు ధరలో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకీ ఆరేళ్ల హామీ ఇచ్చారు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు, ఆ నమూనా అమ్మకం ముగిసిన తేదీ నుంచి కనీసం ఐదేళ్లపాటు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అమలులోకి వచ్చింది.

అందుచేత ధరను సంవత్సరాలతో భాగించి చూడటం మేలు. రూ.8,000 ఫోను రెండేళ్లకే అప్‌డేట్లు కోల్పోతే ఏడాదికి రూ.4,000 పడినట్లు. రూ.15,000 ఫోను ఆరేళ్లు నిలిస్తే ఏడాదికి రూ.2,500 మాత్రమే. చౌక అనుకున్నదే ఖరీదైనదని తేలుతుంది.

కొనేముందు అడగవలసినవి

• ఈ నమూనా ఎప్పుడు విడుదలైంది? సంవత్సరాల హామీని సాధారణంగా విడుదల తేదీ నుంచే లెక్కిస్తారు, మనం కొన్న తేదీ నుంచి కాదు. తగ్గింపు ధరలో దొరికే పాత నమూనాకు ఆయుష్షు ఆ మేరకు తగ్గినట్లే.

• కొత్త సంచికలు ఎన్నేళ్లు, భద్రతా సవరణలు ఎన్నేళ్లు? రెండూ వేర్వేరు. బ్యాంకు లావాదేవీలు చేసేవారికి రెండోది ముఖ్యం.

• నిల్వ స్థలం ఎంత? ర్యామ్‌తో పాటు దీనికీ ప్రాధాన్యం ఇవ్వాలి.

• పాత ఐఫోన్ కొంటే బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం? ఇంకా అప్‌డేట్లు వస్తున్న నమూనాయేనా?

పాత ఫోను ఉన్నవారు..

సెట్టింగ్స్‌లో ‘ఎబౌట్ ఫోన్’ విభాగం తెరిస్తే సంచిక సంఖ్య, భద్రతా సవరణ తేదీ కనిపిస్తాయి. ఆ తేదీ గడిచి ఏడాది దాటితే ఆ ఫోనులో బ్యాంకు యాప్‌లు వాడకపోవడం శ్రేయస్కరం. వాట్సాప్‌కు 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 5.0, మే నుంచి ఐఓఎస్ 15.1 కనీస అర్హతగా మారాయి. గడువు సమీపించిన ఫోనులోని ఛాయాచిత్రాలు, ఫోను నంబర్లను ముందే వేరేచోట భద్రపరచుకోవాలి. నిల్వలో అయిదో వంతు ఖాళీగా ఉంచితే వేగం నిలుస్తుంది. పెద్ద అప్‌డేట్ వచ్చిన తొలి రోజునే తొందరపడక, వారం ఆగి, వైఫైలో, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు వేసుకోవడం క్షేమం. నెలవారీ భద్రతా సవరణలను మాత్రం వాయిదా వేయరాదు.

పని మాటలకే పరిమితమైతే మీటల ఫోను చాలు. కొద్ది ఆదాయంతో అన్ని అవసరాలూ తీరాలంటే అప్‌డేట్ల హామీ ఉన్న ఆండ్రాయిడ్ మేలు. ధర భరించగలిగి, మరమ్మతు కేంద్రం దగ్గరలో ఉంటే ఐఫోన్ దీర్ఘకాలం నిలుస్తుంది. ఎద్దును కొనే రైతు కొమ్ముల అందం చూసి మురిసిపోడు. పళ్లు చూసి వయసు లెక్కిస్తాడు. ఫోను కొనేటప్పుడూ అదే పరీక్ష అవసరం.